వాగు వెంట వెర్నా

ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచిన వెర్నాకు ఇప్పుడు అరవై ఎనిమిది. ప్రతి ఆగస్టులోనూ మోకాలికి పట్టీ బిగించి, చేతికర్ర పట్టుకుని, అమెరికాలోని రెయినీర్ అనే మంచుకొండ మీద కాలిబాట లేని ఒక వాగు లోయ వెంట పైకి నడుస్తుంది. వాగు పుట్టే హిమానీనదాన్ని చేత్తో తాకాలని ఆమె పంతం. దారిలోని జలపాతం ఇప్పటికి మూడుసార్లు ఆమెను వెనక్కి పంపింది.

“మేకలు కూడా ఎక్కని చోటక్కా అది. నీ ఎముకలు ఏరడానికి నేను రాను,” అన్నాడు కారులో దింపిన తమ్ముడు ఓరిన్.

“ఆ పొట్టతో మొదటి బండే దాటలేవు, నువ్వేం వస్తావురా!”

ఈసారి ఆమె ఎడమ గట్టున పొదల మొదళ్లు పట్టుకుని, తడిరాళ్ల మీద పాకి జలపాతం దాటింది. పైన, బూడిదరంగు నీళ్లు ఉరికే హిమానీనదపు మంచుగోడకు అరచెయ్యి ఆనించి, చలికి వేళ్లు మొద్దుబారేదాకా తీయలేదు.

సాయంత్రం మోచెయ్యి చీరుకుపోయి, ‘తాకాను’ అంటూ తిరిగొచ్చిన అక్కకు ఓరిన్ కారు దిగి ఎదురెళ్లాడు. “తాకావుగా, ఇక ఇంటిపట్టున ఉండు.”

“ఉంటాలే,” అంది వెర్నా నెత్తురు తుడుచుకుంటూ, “వచ్చే ఏడు కుడి గట్టు కూడా ఎక్కొచ్చాక.”