ఎండని డ్రమ్ము

ప్రెస్సులో జనరేటరు చూసుకునే ఆయనకు పంతొమ్మిదేళ్లుగా ఒకటే పట్టింపు. డీజిల్ డ్రమ్ము అడుగంటకూడదు. జానెడు మిగిలి ఉండగానే కొత్త సరుకు పోయించేవాడు.

"నీ డ్రమ్ములో మా అక్క పెళ్లినాటి చుక్క కూడా ఉండి ఉంటుంది బావా" అని బావమరిది ఎగతాళి చేసేవాడు.

పక్క గోదాము తగలబడి, కాపలా మనిషి ఒళ్లు కాలి ఆసుపత్రిలో పడ్డాడు. ప్రహరీ వెనక డీజిల్ సీసా ఒకటి సగం నిండుగా దొరికింది. పోలీసు ల్యాబ్ నుంచి వచ్చిన మేడమ్ చుట్టుపక్కల జనరేటర్లన్నిటి నుంచీ కాస్త కాస్త పట్టుకెళ్లింది. పది రోజులకు మళ్లీ ఈయన దగ్గరికే వచ్చింది.

"డీజిల్‌లో కార్బన్ రెండు రకాలు ఉంటుంది. తేలికది, బరువుది. ముడిచమురు ఎక్కడ తీశారన్నదాన్ని బట్టి వాటి పాళ్లు మారతాయి. సీసాలోది ఏ బంకు సరుకుతోనూ కలవలేదు. మీ డ్రమ్ముతో కలిసింది. ఈ పాళ్లు ఎలా వచ్చాయో తెలియట్లేదు."

పని గురించి అడిగే మనిషి ఇన్నేళ్లకు దొరికింది.

"బంకు సరుకుతో ఎలా కలుస్తుంది మేడమ్? నేను పాతదాని మీదే కొత్తది పోయిస్తాను. ఎన్ని చోట్ల సరుకు కలిసిందో ఇందులో. ఇలాంటిది ఇంకెక్కడా..."

ఆమె రాసుకోవడం చూశాక, సీసాలోది తన డ్రమ్ములోదేనని తానే తేల్చేసినట్టు ఆయనకు తట్టింది.

"ఈ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

మంటలు లేచిన ఆదివారం ఆయన జ్వరంతో పడుకున్నాడు. తాళంచెవి ఇచ్చి బావమరిదిని పంపాడు. గోదాములో మూటలు మోసే పని నుంచి వాణ్ణి గెంటేసి అప్పటికి వారం.

"ఒక్క నిమిషం మేడమ్" అని బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"వాడున్నాడా?"

"ఇవాళ తెల్లారగానే సంచి సర్దుకుని పోయాడండీ. ఏమైంది?" అంది భార్య. గోదాము మంటల గురించి ల్యాబ్ మేడమ్ వచ్చి తాళంచెవి ఎవరిదని అడుగుతోందన్నాడు. ఆమెకు అర్థమైంది. "అమ్మ పోతూ వాణ్ణి నా చేతుల్లో పెట్టింది. వాడి పేరెత్తితే ఈ గడప తొక్కకండి."

లోపలికి వచ్చాడు.

"కాపలా అతను బతుకుతాడా మేడమ్?"

"చెప్పలేమంటున్నారు."

డ్రమ్ము మూత తిప్పి బిగించాడు.

"ఆ ఆదివారం ఇక్కడ మా బావమరిది ఉన్నాడు" అన్నాడు.

ఆమె వెళ్లిపోయాక ప్రెస్సు మెట్ల మీద కూలబడ్డాడు. షిఫ్టు దిగినవాళ్లు పక్కనుంచి దిగిపోతున్నారు. ఎటు వెళ్లాలో ఆయనకు తోచలేదు.