అలిగిన మేనమామ

నేను బస్సు కండక్టర్ని. కొత్తగూడెం, భద్రాచలం మధ్య తిరుగుతూ, బస్సులో విన్న మాటల్ని ఒక్క మనిషే నిలబడి చెప్పే హాస్యంగా రాస్తుంటాను. స్టేజీ ఎక్కడం మాత్రం నా వల్ల కాదు. ఎక్కేవాడు నా స్నేహితుడు. సారపాక మిల్లులో వెదురు దించే కాంట్రాక్టు పని ఆయనది. చదువు రాదు. డ్యూటీ దిగాక టీకొట్టు దగ్గర నేను చదివితే విని, రెండోసారికే అప్పజెప్పేవాడు. నవ్వు రావాల్సిన చోట కాగితం మీద "ఇక్కడ ఆగాలి" అని రాసుకునేవాణ్ణి. ఆయన నేను చెప్పినదానికి రెట్టింపు ఆగేవాడు. "గింతసేపేందయ్యా, జనం లేచిపోతరు" అని కసిరేవాణ్ణి. ఎవరూ లేచిపోలేదు, ఆ సంగతి వేరు.

మాకు పేరు తెచ్చింది అలిగిన మేనమామ. పెళ్లికి సరిగా పిలవలేదని అలిగి, పందిట్లో ఓ మూల కూర్చుని "తినను" అంటూనే విస్తరి ఖాళీ చేసే ముసలాయన మాటలు అవి. జూలూరుపాడు నుంచి వైరా దాకా ఏ ఫంక్షన్‌కి పోయినా అదే అడిగేవారు.

ఆరు నెలల కింద వైరాలో ఆట అయ్యాక పెళ్లిపెద్ద మావాడి భుజం తట్టి, "ఎవలు రాసిండ్రు?" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. "ఎవలేంది? అంతా మన బుర్రనే" అన్నాడు వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అట్నుంచటే బస్సెక్కి వచ్చేశాను. తర్వాత నాలుగైదుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మేనమామ అలకను రాసినవాణ్ణి, అలగడం నాకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. చివరికి ఆయన గుండెపోటుతో పోయాడని మిల్లు పనివాళ్లు చెబితే తెలిసింది.

మూడో రోజు పిట్టకు పెడతారు మా దగ్గర. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు. వాగొడ్డున మటన్, గారెలు పెట్టారు, కల్లు పోశారు. గంటైనా ఒక్క కాకి వాలలేదు. "బీడీ పెట్టలే" అని ఒకరు, "చిన్నబిడ్డ పెండ్లి సూడకపాయె" అని ఒకరు. నాకు మాత్రం నేను ఎత్తని ఫోన్లే గుర్తొస్తున్నాయి. తల దించుకుని నిలబడ్డాను.

ఆయన భార్య కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ఆయనకు మేనమామ అంటే పాణం. జర సదువు." అందరివైపు తిరిగి, "గది రాసింది ఈ అన్ననే. ఇంట్ల ఎప్పుడూ గదే చెప్పేటోడు" అంది. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన మాట. విన్నాక చచ్చిపోవాలనిపించింది.

సంచిలోంచి కాగితం తీశాను. జనం విస్తరికి వీపు పెట్టి నావైపు తిరిగారు. "నేను తిననంటే తినను. ఈ ఇంట్ల మంచినీళ్లు సుత ముట్ట. ఇక్కడ ఆగాలి."

నోరు జారాక గాని తెలియలేదు. అందరూ బిత్తరపోయి చూశారు. ముందు ఆమే ఫక్కున నవ్వింది. వెనక నుంచి ఎవరో, "ఆగినం గని, ఇగ కానియ్యే!" అన్నారు. ఇక అందరూ నవ్వులే.

అప్పుడు తల ఎత్తి చూస్తే, తెల్లకుక్క ఒకటి విస్తరి దగ్గర ఉంది. అదిలిస్తే అందరూ వెనక్కి తిరుగుతారు. తిరిగితే ఆమె ఏమైపోవాలి? చదివాను. చేతులు ఊపుతూ, ఆయన గొంతు పెట్టి, నవ్వు తగ్గనివ్వకుండా చదివాను. "గా కూర నాకు చూపియ్యకు. నాకొద్దు" దగ్గర ఆగాను. కుక్క ముక్క నోట కరుచుకుని తుమ్మచెట్ల వెనక్కి పోయేదాకా ఆగాను. ఒక్కరూ కదల్లేదు. "...ఎయ్యి, రెండు ముక్కలెయ్యి" అన్నాను.

నవ్వులు తగ్గాక ఎవరో వెనక్కి తిరిగి విస్తరి చూసి, "కాకి ముట్టిందే, ముట్టింది!" అని అరిచారు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"చూసినవా అన్నా, నువ్వు సదివితే తిన్నడు."

"అవ్ చెల్లె" అన్నాను.