మ్యాపులో మిగిలిన అడవి

మా మేనత్త పనేమిటని చిన్నప్పుడు ఎవరైనా అడిగితే, "కంప్యూటర్లో చెట్లు పెడుతుంది" అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. అత్త మాత్రం, "తప్పేముంది, అదేగా చేసేది" అనేది.

వాతావరణ ఆఫీసులో ఆమె ఉద్యోగం. మా ప్రాంతాన్నంతా కంప్యూటర్లో గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో అడవి ఉందో, ఏ గడిలో పొలమో, ఊరో, బీడో నింపాలి. దాన్నిబట్టే మోడల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం రాబోయే ఎండల్నీ వానల్నీ లెక్కగడుతుంది. చెట్టు నేలలోని తడిని వేళ్ళతో లాగి ఆకుల్లోంచి గాలికి ఇస్తుంది. ఆ తడే మబ్బుకి మేత. బీడు ఏమీ ఇవ్వదు, కాలి ఊరుకుంటుంది. రోజంతా తెర మీద ఆ పచ్చగళ్ళకేసి చూస్తూ కూర్చుంటుందని ఆఫీసువాళ్ళు ఆమెకి 'ఆకమ్మ' అని పేరు పెట్టారు.

అత్త పెళ్ళి చేసుకోలేదు. మా మేడ మీద రెండు గదుల్లో ఉండేది, భోజనం మాతోనే. తల్లి పోయాక నాన్నని పెంచింది ఆమే. నాన్న కలప కాంట్రాక్టరు. ఎవరి మాటా వినని మనిషి, అక్క మాట మాత్రం జవదాటేవాడు కాదు.

ఊరికి పడమటనున్న కొండల మీది అడవి కొట్టేసి ఇళ్ళస్థలాలు వెయ్యాలని ఒక కంపెనీ వచ్చింది. దానివల్ల ఎండావానా మారవని వాతావరణ ఆఫీసు రాసిస్తే చాలు. ఆ పని అత్త చేతికొచ్చింది. కొండల మీద అడవి ఉన్నట్టు ఒకసారి, లేనట్టు ఒకసారి మోడల్ నడిపింది. అడవి తీసేస్తే కింది మైదానంలో మధ్యాహ్నాలు మండిపోతున్నాయి. తొలకరి వెనక్కి జరుగుతోంది, కొన్నేళ్ళయితే ముఖమే చూపించడం లేదు.

డైరెక్టరు కాగితాలు తిరగేసి పక్కన పెట్టాడు.

"ఈ రెండో మ్యాపు ఎక్కడిదమ్మా?"

"నేనే చేశానండీ. చెట్లు కొట్టేశాక నేల ఎలా ఉంటుందో అది."

"మనకి ఆమోదమైన మ్యాపు ఒక్కటే. అందులో అడవి ఉంది. రెండుసార్లూ దాంతోనే నడపండి."

"కొట్టేశాక కూడా మ్యాపులో అడవి ఉంటే తేడా ఏం తెలుస్తుందండీ?"

"తేడా ఉండకూడదనేగా వాళ్ళు మన దగ్గరికొచ్చింది."

అత్త సంతకం పెట్టలేదు. ఆయనే పెట్టుకున్నాడు. కొద్దిరోజులకే ఆమెని కింది అంతస్తులో పాత సామాన్ల గదికి మార్చారు. తుప్పుపట్టిన వానకొలత డబ్బాలు, పగిలిన థర్మామీటర్లు, కిటికీ లేని గోడలు.

అది చాలదన్నట్టు, అడవి కొట్టే కాంట్రాక్టు నాన్నకే దొరికింది. భోజనాల దగ్గర తలెత్తకుండా చెప్పాడు.

"వదిలెయ్‌రా," అంది అత్త.

"నేనొదిలితే ఇంకొకడు తన్నుకుపోతాడక్కా. చెట్లు ఎలాగూ మిగలవు. నా లారీలు షెడ్డులో పడుంటాయి, అంతే."

"ఆ ఇంకొకడు నా తమ్ముడు కాడుగా."

నాన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. మర్నాటి నుంచి అత్త మేడమీదే వండుకుంది. కలప లారీలు మా వీధిలోంచే పోయేవి. అవి వస్తున్న చప్పుడు వినగానే పైన కిటికీ తలుపులు మూసుకునేవి. వచ్చిన డబ్బుతో నాన్న మైదానంలో నిమ్మతోట కొన్నాడు.

కొండలు బోడి అయ్యాక ఆఫీసు జోస్యాలు వరసపెట్టి తప్పాయి. రేపు జల్లులంటే నిప్పులు కురిసేవి. "ఆఫీసువాళ్ళు వానన్నారు, ధైర్యంగా బట్టలు ఆరేసుకోండి" అని వీధిలో హాస్యాలాడేవాళ్ళు. లేని అడవి మీంచి మోడల్ ప్రతిరోజూ మబ్బులు లేపుతోందని అత్తకి తెలుసు. అడిగినవాళ్ళు లేరు.

పేపర్లు దుమ్మెత్తిపోస్తే గాని ఆఫీసుకి ఆమె గుర్తుకు రాలేదు. పైకి పిలిచి పాత కుర్చీలోనే కూర్చోబెట్టారు. మ్యాపు సరిచెయ్యమన్నారు. కొండల మీద తాను పెట్టిన పచ్చగళ్ళని ఒక్కొక్కటే బూడిదరంగుకి మార్చింది. ఆ రోజుల్లో నేను కాఫీ తీసుకెళ్తే, "మీ నాన్న రంపాలతో కోశాడు, నేను వేళ్ళతో కోస్తున్నాను" అని ఒక్కసారి అంది.

ఆ తర్వాత మోడల్ గురి తప్పలేదు. వాన లేదంటే లేదు. ఎండ పెరుగుతుందంటే పెరిగింది. జోస్యాలు మెరుగుపరిచినందుకు డైరెక్టరుకి అవార్డొచ్చింది. సభలో ఆయన సిబ్బంది అందరికీ కలిపి కృతజ్ఞతలు చెప్పాడు. అత్త వెనక వరసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

ఆ వేసవిలోనే, గొడవ తర్వాత మొదటిసారి, నాన్న మెట్లెక్కి ఆమె గదికి వెళ్ళాడు. నిమ్మచెట్లు పిందెతో సహా ఎండుతున్నాయి. బోరులో గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"వాన ఎప్పుడక్కా?"

"ఈ ఏడాది లేదురా."

"మళ్ళీ ఆ కొండల మీద మొక్కలు నాటిస్తే?"

"మోడల్లో అయితే ఒక్క పూటలో నాటెయ్యొచ్చు. నాటి చూశాను కూడా. వాన తిరిగొచ్చింది."

"మరి బయట?"

"బయట ఆ కొండలిప్పుడు ఎవరివో నీకు తెలీదా? ఒకవేళ నాటనిచ్చినా, అవి మబ్బు లేపేంత ఎదిగేసరికి నువ్వూ నేనూ ఉండం."

నాన్న గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆమె కూర్చోమనలేదు. ఆయనా కూర్చోలేదు.

మరుసటి ఏడు తోట అమ్మేశాడు. కొన్నవాడు ఎండిన నిమ్మచెట్లు పీకించి, ఆ కట్టెలతోనే అక్కడ ఇటుకబట్టీ మొదలుపెట్టాడు. మ్యాపులో ఆ గడి రంగు మార్చింది కూడా అత్తే.