నోరు తెరవమని ఎవరూ అనలేదు

నౌపడ ఉప్పుమడుల మీద వీచే గాలికి ఏ నిప్పూ నిలవదు. అందుకే అక్కడి ఆడవాళ్ళు చుట్ట ముట్టించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుంటారు. దాన్ని అడ్డపొగ అంటారు. నిప్పు ఆరదు, నుసి ఉప్పులో రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీ. ఎలీషా పెళ్ళాం సత్యవతి కాపురానికి వచ్చిన ఏడాదే పక్కింటి దాలమ్మ దగ్గర ఈ విద్య నేర్చింది. చుట్ట నోట్లో ఉండగానే మాటలు కూడా ఆడేది. అది అందరికీ చేతనయ్యే పని కాదు.

ఎలీషా ఉప్పు కూలీయే గానీ బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆదివారం రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగే మనిషి. ఒక ఏడు కొత్తగా వచ్చిన పాస్టరుగారు పొగ మానమని గట్టిగా చెప్పాడు. ఆడవాళ్ళంతా చుట్టలు తెచ్చి చర్చి వాకిట్లో తగలబెట్టారు. సత్యవతి లేచి నిలబడి, మానేశానని సాక్ష్యం కూడా చెప్పింది. పదిహేను రోజులు మానింది. పదహారోనాడు ఉప్పు లాగుతుంటే దాలమ్మ ఊరుకోలేదు.

“ఓలమ్మా సత్తెవతీ, మూతి ఎలాగ వాడిపోనాదో సూడు! మీ దేవుడికి ఇంత దూరం వాసన తగుల్తాదేటే?”

అప్పటినుంచి పొగాకు తెచ్చి ఇచ్చింది ఎలీషాయే. టెక్కలిలో కొని, బైబిలు సంచి అడుగున పెట్టి తెచ్చేవాడు. ఊరందరికీ తెలుసు. సంఘానికి మాత్రం తెలియదని ఆ మొగుడూ పెళ్ళాలు అనుకునేవారు.

కొన్నేళ్ళ కిందటి మాట. ఎండాకాలంలో సత్యవతికి అంగిలి మీద పుండు లేచింది. కారం తగిలితే కళ్ళనీళ్ళు తిరిగేవి. ఎలీషా ఆమెను పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ రోజే పాస్టరుగారి భార్య కూడా బీపీ చూపించుకుందామని వచ్చి, డాక్టరు గది గుమ్మం పక్కనే కూర్చుంది. తలుపు తీసే ఉంది.

డాక్టరు కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా అడిగాడు. “చుట్టా బీడీ ఏమైనా అలవాటుందా అమ్మా?”

సత్యవతి పెదవి కదిపింది. ఆ లోపే ఎలీషా అందుకున్నాడు.

“నేదండీ. మేం సంఘస్తులం.”

డాక్టరు లేదని రాసుకున్నాడు. నోటిపూత అన్నాడు, బిళ్ళలు రాశాడు, పూసుకునే మందు ఇచ్చాడు. పది నెలల్లో మూడుసార్లు వెళ్ళారు. మూడుసార్లూ అదే మాట, అవే బిళ్ళలు. పళ్ళు వదులై, ముక్కులోంచి నెత్తురు పడ్డాక, టెక్కలిలో టీచరుగా పనిచేసే కూతురు షీబా తల్లినీ తండ్రినీ విశాఖపట్నం తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ ముందుగా నోరు తెరవమంది. టార్చి వేసి చూసి, “ఎన్నేళ్ళనుంచి అడ్డపొగ?” అని అడిగింది. ఉందా లేదా అని కాదు, ఎన్నేళ్ళనుంచి అని. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సర్ అని తేలింది. “పది నెలల కిందట వచ్చుంటే...” అని మొదలుపెట్టి, ఎలీషా మొహం చూసి ఆపేసింది.

అంగిలి సగం తీసేశారు. ఆ ఖాళీలో ప్లాస్టిక్ పలక అమర్చారు. అది తీస్తే తాగిన గంజి ముక్కులోంచి కారేది. పెట్టుకుంటే మాట కుండలోంచి వచ్చినట్టు వచ్చేది. ఊరంతటినీ మాటల్లో నవ్వించిన మనిషికి ఆ గతి పట్టింది.

షీబా ఊరుకోలేదు. ఆసుపత్రి చీటీలన్నీ జాగ్రత్తచేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో తల్లి పేరున కేసు వేసింది. ఆసుపత్రి వాళ్ళు జవాబిచ్చారు: అలవాటుందా అని అడిగాం, లేదన్నారు, చీటీ మీదే ఉంది, దాచిన తప్పు వాళ్ళది.

లాయరు రమేష్‌బాబు ఎలీషాను కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. “చూడండి, ఆవిడ మాట అక్కడ ఎవరికీ అర్థం కాదు, గదిలో ఉన్న సాక్షి ఇక మీరొక్కరే. డాక్టరు అసలు అడగనే లేదని ఒక్క మాట అనండి. చీటీ మీద అది తర్వాత రాసుకున్నాడని నేను నడిపించుకుంటాను. ఆ మాట లేకపోతే కేసు నిలబడదు.”

ఎలీషా నేలవైపు చూశాడు. “ఆయన అడిగినాడు కదండీ.”

షీబా లేచి నిలబడింది. “నాన్నా, సంఘం కోసం ఒకపాలి అబద్ధమాడినావు. అమ్మ కోసం ఇంకోపాలి ఆడలేవేటి?”

ఎలీషా ఇంటికి వచ్చి పెళ్ళానికి ఉన్నదున్నట్టు చెప్పాడు. సత్యవతి అరుగు మీద కూర్చుని, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని అంతా విన్నది.

“నాను నోరు తెరిసేలోగా నువ్వు తెరిసినావు మావా. ఇప్పుడు నాది పోనాది. నీదే ఉన్నాది.”

“అయితే ఏటి సెయ్యమంతావే?”

“ముప్పయ్యేళ్ళు తాగినాను. తాగినేదని సెప్పించుకుని గెలవను. నిజం సెప్పు.” అని కాస్త ఊపిరి తీసుకుని, “సంచడుగున పొగాకు మోసినోడివి, గొప్ప సంఘపెద్దవి!” అంది. నవ్వబోతే గాలి ముక్కులోంచి బుస్సుమంది. ఇద్దరూ చూపులు పక్కకి తిప్పుకున్నారు.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఈలోగా సత్యవతి మెడ మీద గడ్డ లేచింది. మళ్ళీ కోత అక్కరలేదన్నారు. దానర్థం ఇంట్లో అందరికీ తెలిసింది. ఈస్టరు ఇంకా రాకుండానే ఆమె పోయింది. తరువాత మూడో వారం ఎలీషాను కమిషన్ ముందుకు పిలిచారు.

బైబిలు సంచి భుజాన వేసుకునే వెళ్ళాడు. అవతలి లాయరు సూటిగా అడిగాడు. “డాక్టరుగారు అలవాటు గురించి అడిగారా, లేదా?”

రమేష్‌బాబు కుర్చీలో ముందుకు జరిగాడు. వెనక బెంచీలో షీబా ఉంది.

“అడిగినారు బాబూ.”

“మీరేం చెప్పారు?”

“నేదని సెప్పినాను. అది సెప్పనేదు, నానే సెప్పినాను. అబద్ధం సెప్పినాను.”

అవతలి లాయరు ఇక చాలని కూర్చున్నాడు. రమేష్‌బాబు కాగితాలు మూసేశాడు. ఎలీషా మాత్రం కదల్లేదు.

“ఇంకోటున్నాది బాబూ. మూడుపాల్లు ఎల్లినాం. ఒక్కపాలి కూడా నోరు తెరవమని ఆయన అననేదు. మా కాడ అడ్డపొగ తాగిన ఆడమనిసి అంగిలి పెనం అడుగులాగుంటాది. దీపమేసి సూస్తే నా అబద్ధం అక్కడే దొరికిపోయీది. నాను అబద్ధాలోడినే. ఆయన డాక్టరు గదా!”

పైన కూర్చున్నాయన ఆసుపత్రి కాగితాలు తెమ్మన్నాడు. నోరు పరీక్షించినట్టు ఎక్కడ రాశారో చూపించమన్నాడు. అక్కడే ఉన్న డాక్టరు మూడు కాగితాలూ ముందుకీ వెనక్కీ తిప్పాడు. అలాంటి మాట ఒక్కదానిలోనూ లేదు.

ఆ ఆదివారమే ఎలీషా రొట్టె పళ్ళెం పాస్టరుగారి చేతికిచ్చేసి, వెనక వరసలో చాప మీద కూర్చున్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఉండమనలేదు.

ఉప్పుమడుల్లో వాన నీళ్ళు నిలిచిన రోజుల్లో తీర్పు వచ్చింది. పరీక్ష చెయ్యకపోవడం డాక్టరు తప్పు. అలవాటు దాచిపెట్టడం భర్త తప్పు. అందుకని అడిగినదానిలో సగమే ఇమ్మన్నారు. షీబా ఇంగ్లీషు కాగితం తెలుగులో చెబుతూ, తండ్రి మాట వచ్చినచోట గొంతు తగ్గించింది.

“ఆ ముక్క మళ్ళీ సదువు,” అన్నాడు ఎలీషా.

షీబా చదివింది.

“సరిగానే రాసినారు.”

షీబా కాగితం మడిచి అతని పక్కన పెట్టి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే, ఎలీషా అక్క వరసన అప్పా అని పిలిచే దాలమ్మ గోడ దాటి వచ్చింది. “ఒరే ఎలీషా, మా మూతుల సంగతి పట్నమంతా సాటినావట! పెనం అడుగన్నావట! ఏదీ, నాది కూడా సూడు. పెనమో, బూర్ల మూకుడో సెప్పు,” అని నవ్వుతూ నోరు తెరిచింది.

ఎలీషా టార్చి తెచ్చి వేశాడు. అంగిలి అంతా గోధుమరంగు. లోపల, చివరి పన్ను పక్కన, గోరంత తెల్లటి మచ్చ. దాని అంచు ఎర్రగా ఉంది. అతను టార్చి ఆర్పలేదు. దాలమ్మ నవ్వు ఆగింది.

“ముయ్యి అప్పా,” అన్నాడు చివరికి. “రేపు పొద్దున్న బండికి ఇశాపట్నం ఎల్దాం.”

“ఏటున్నాదిరా?”

“నాకు తెల్దు. సూసినోళ్ళు సెప్తారు. పొగుందా అని అడిగితే ఉన్నాదని సెప్పు.”

“నాకా డాక్టర్లతోటి మాటలు రావు. నువ్వొస్తావు గదా, నువ్వే సెప్పు.”

“నాను లోనికి రాను అప్పా,” అన్నాడు ఎలీషా. “బయట బల్ల మీద కూకుంటాను.”