అవ్వ చూడని బాస్కెట్

ఆ రోజుల్లో అనే మాట వాడటానికి నా వయసు చాలదని నాకూ తెలుసు. నేను చెప్పబోయే కాలానికే మా సందులో పాలవాడితో సహా అందరి చేతుల్లోనూ ఫోన్లుండేవి. కానీ బాస్కెట్‌బాల్ ఆడి బతికినవాళ్ల లెక్క వేరు. ముప్పై అయిదు దాటగానే మోకాళ్లు మనల్ని ముసలివాళ్లలో కలిపేస్తాయి. అందుకని ఆ మోకాళ్ల తరఫునే మొదలుపెడుతున్నాను. ఆ రోజుల్లో, అంటే నాకు పందొమ్మిదేళ్లప్పుడు, కామాటిపురాలో మా చాల్ (గదికొక సంసారం ఉండే మూడంతస్తుల మేడ) మొత్తాన్నీ ఒకే సందేహం పట్టి పీడించేది. బంతి ఆడితే జీతం ఎవడిస్తాడు, ఎందుకిస్తాడు? కింది వాటా మామ ఒకరోజు ఉండబట్టలేక నన్ను మెట్ల దగ్గర ఆపేశాడు. "బంతి నీదా, వాళ్లదా?" "వాళ్లదే మామా." "బూట్లు?" "అవి గూడ వాళ్లయే." "మరి తాగనీకి నీళ్లు?" "అవి గూడ వాళ్లే ఇస్తరు." మామ గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. "ఎక్కడనో ధోకా ఉన్నదే పోరీ" అని తేల్చి, పనికి వెళ్లిపోయాడు.

ధోకా ఏమీ లేదు గానీ మెలిక ఒకటి ఉంది. నన్ను తీసుకున్న జట్టు మూడు నెలలు చూస్తామంది. నచ్చితే రెండేళ్ల కాగితం మీద సంతకం, నచ్చకపోతే నమస్కారం. ఆ నమస్కారం వస్తే నేను ఎక్కడికి పోవాలో మా నాన్న ముందే ఏర్పాటు చేసి ఉంచాడు. ధారావిలో మా పెద్దనాన్న పనిచేసే బ్యాగుల కార్ఖానాలో ఒక కుట్టు మిషను నా కోసం ఖాళీగా ఉంది. (పాపం, ఆ మిషను మంచిదే. తప్పంతా నాదే, దాన్ని తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.) జట్టులో నా స్థానం పాయింట్ గార్డ్. బంతిని మన సగంలోంచి అవతలి సగంలోకి తీసుకెళ్లి, ఎవరికి ఎప్పుడు అందించాలో చూసుకునే పని. అందించడంలో నన్ను మించినవాళ్లు లేరని జట్టంతా ఒప్పుకునేది. ఒక చిక్కు మాత్రం ఉంది. నేను ఎప్పుడూ అందిస్తూనే ఉండేదాన్ని. ఎదురుగా బుట్ట ఉన్నా, అడ్డం ఒక్కరూ లేకపోయినా, నా చేతులు పక్కనున్న మనిషిని వెతుక్కునేవి. నేను బుట్టకేసి వేయనని అవతలి జట్లు కనిపెట్టేశాయి. నన్ను గాలికి వదిలేసి, మిగతా నలుగురి మీద ఐదుగురూ పడేవాళ్లు. "అరే, షూట్ కర్ నా!" అని కోచ్ మేడమ్ గొంతు పోయేలా అరిచేది. మేడమ్ నోట్లో ఎప్పుడూ ఈల ఉండటం చూసి మా చాల్‌వాళ్లు ఆవిడకు సీటీ మేడమ్ అని పేరు పెట్టారు.

నా చేతులకు ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో చెప్పాలంటే మా అవ్వ (నాన్న వాళ్ల అమ్మ) గురించి చెప్పాలి. అవ్వ మహబూబ్‌నగర్ నుంచి పడుచు వయసులో స్లాబు పనికి వచ్చిన మనిషి. స్లాబు పోసేటప్పుడు సిమెంటు, కంకర కలిపిన మాలు తట్టలు కింది నుంచి పైకి చేతుల మీదుగానే పోవాలి, మధ్యలో ఎవరూ ఆగకూడదు. ఆ పని మానేసి ఇరవై ఏళ్లయినా అవ్వ వరస కట్టడం మానలేదు. మా చాల్‌లో నీళ్లు సాయంత్రం నాలుగున్నరకు వస్తాయి, అదీ ఒక్క గంట, అదీ కింది నల్లాకే. (మోటరు ఉండేది. అది నేను పుట్టకముందు కాలిపోయింది. బాగు చేయించాల్సింది ఎవరన్న తగువు మాత్రం ఆరోగ్యంగా ఉంది.) అవ్వ మూడు అంతస్తుల మెట్ల మీదా మనుషుల్ని నిలబెట్టి, ఐదు లీటర్ల నూనె డబ్బాల్లో నీళ్లు మూడో అంతస్తులోని డ్రమ్ముల దాకా పంపించేది. నిండు డబ్బా కింది నుంచి వస్తుంది, ఖాళీ డబ్బా పైనుంచి వస్తుంది. రెండింటినీ చూస్తూ కూర్చుంటే కుదరదు. ఒకదాన్ని కళ్లతో, ఇంకోదాన్ని చేతులతో చూసుకోవాలి. ఎనిమిదేళ్ల వయసు నుంచీ నా చోటు రెండో అంతస్తు మలుపు. అక్కడ డబ్బా ఒక్క క్షణం ఆగినా కింది నుంచి అవ్వ గొంతు లేచేది. "ఇయ్యవే! సంకల వెట్టుకొని జోకొడుతున్నవా? మీదికియ్యి!"

ఇప్పుడు అర్థమైందిగా? ఒకసారి ఆదివారం పొద్దున మ్యాచ్ పడితే, బంతికి జీతం ఎందుకిస్తారో కళ్లారా చూడాలని అవ్వ చాల్ నుంచి పదహారు మందిని వెంటబెట్టుకొని వచ్చింది. వాళ్లంతా ఎప్పటి అలవాటు ప్రకారం మెట్ల గ్యాలరీలో కింది నుంచి పైకి ఒక వరసలో కూర్చున్నారు. ఆట చివర్లో నేను బుట్ట ముందు ఒంటరిగా దొరికాను. బంతి నా చేతుల్లోనే ఉంది. మేడమ్ ఈల ఉమ్మేసి "షూట్!" అని అరిచింది. నేను నిజంగా చేతులెత్తాను, ఒట్టు. అదే క్షణంలో గ్యాలరీలోంచి అవ్వ కంఠం ఖంగుమంది. "ఆగకు! ఇయ్యవే!" అంతే, నా చేతులు నన్నడక్కుండా బంతిని ఆ గొంతు వైపు విసిరేశాయి. అవ్వ దాన్ని ఒడుపుగా అందుకుంది. అందుకున్నది తిరిగిస్తే బాగుండేది. చూడకుండా పైమెట్టు మీది మల్లక్కకు అందించింది. మల్లక్క ఆ పైవాళ్లకు, వాళ్లు ఆ పైవాళ్లకు. రిఫరీ నోరు తెరుచుకొని చూస్తుండగా బంతి పదహారు జతల చేతుల మీదుగా గ్యాలరీ కొసకు చేరింది. అక్కడ చిట్టచివర కూర్చున్న మా అమ్మ బంతిని పట్టుకొని, చుట్టూ వెతికి, "అత్తా, గిది ఏడ పొయ్యాలె?" అని అడిగింది. ఆ మ్యాచ్ ఓడిపోయాం. బట్టలు మార్చుకునే గదిలో నేను తువ్వాలు మొహం మీద కప్పుకొని బయటికి రానన్నాను.

మేడమ్ తిడుతుందనుకుంటే తిట్టలేదు. తువ్వాలు లాగేసి, "వాళ్లు బంతిని ఒక్కసారి కూడా జారవిడవలేదు, గమనించావా? ఎక్కడ నేర్చుకున్నారు?" అని హిందీలో అడిగింది. చెప్పాను. నమ్మలేదు. మర్నాడు సాయంత్రం నాలుగున్నరకు ఫాక్‌లాండ్ రోడ్డు వైపు నుంచి దారి అడుగుతూ అడుగుతూ మా చాల్‌కు వచ్చేసింది. అరగంట గోడకు ఆనుకొని కళ్లార్పకుండా చూసి, తనూ వరసలో నిలబడతానంది. అవ్వ ఆవిడను ఎగాదిగా చూసి మొదటి అంతస్తులో నిలబెట్టింది. మూడో డబ్బా మేడమ్ ఒంటి మీద ఒలికింది, అయిదోది కాలి మీద పడింది. "ఈమె నీకు నేర్పుతదా?" అంది అవ్వ తెలుగులో, చాల్ అంతటికీ వినిపించేలా. (మేడమ్‌కు తెలుగు రాదు, కానీ కొన్ని మాటలకు అనువాదం అక్కర్లేదు.)

నీళ్లు ఆగిపోయాక మేడమ్ తడి చీరతోనే మా గడపలో కూర్చుంది, చాయ్ తాగుతూ అవ్వకు నా జబ్బు సంగతి చెప్పింది. నేను మధ్యలో కూర్చొని తర్జుమా చేశాను. నా గురించిన ఫిర్యాదును నేనే రెండు భాషల్లో చెప్పుకోవడం ఎంత బాగుంటుందో ఊహించుకోండి. "అమ్మా, వచ్చే ఆదివారంతో మూడు నెలలు అయిపోతాయి. ఈ అమ్మాయి బుట్టకేసి వేయాలి. పడకపోయినా ఫర్వాలేదు, వేయాలి. వేయకపోతే సంతకం పెట్టించడం నా చేతుల్లో ఉండదు" అంది మేడమ్. నేను ఆ మాటలు తెలుగులో అప్పజెప్పాను. అవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టి నా వైపు విచిత్రంగా చూసింది.

"ఏందే, బంతి ఆఖరుకు నీకాడికే వస్తదా?"

"ఒక్కోపాలి వస్తది."

"నీ మీద ఇంకెవ్వరు ఉండరు గద?"

"ఉండరు."

"మరి ఎవ్వరికిస్తున్నవే దాన్ని? మీద డ్రమ్ముకాడ నిలవడ్డామె పోస్తదా, మళ్ల కిందికిస్తదా?" అని తల కొట్టుకుంది. అంతలోనే ఏదో తట్టినట్టు ఆగింది. "తప్పు నాదే. చేతులు సురుకని దీన్ని ఎప్పుడు మలుపుకాడనే పెడితి. డ్రమ్ముకాడ నిలవడనీయకపోతి." నిజమే. పదకొండేళ్లలో నేను ఒక్క డబ్బా కూడా పోయలేదు! మర్నాటి నుంచి ఆదివారం దాకా అవ్వ నన్ను మూడో అంతస్తులో డ్రమ్ముల దగ్గర నిలబెట్టింది. మొదటి రోజు డబ్బా అందగానే అలవాటుగా పక్కకు తిరిగి మా అమ్మకు అందించాను. "పొయ్యవే!" అని మూడు అంతస్తులూ ఒక్కసారే అరిచాయి.

ఆదివారం మ్యాచ్ మధ్యాహ్నం మూడుకు. పదహారు మందీ వచ్చారు, ఎవ్వరూ నోరెత్తకూడదని అవ్వ ఒట్టు వేయించింది. నేను మొదటిసారి బుట్టకేసి వేశాను. బంతి బోర్డును కూడా తాకకుండా అవతల పడింది. రెండోది బోర్డు అంచుకు తగిలి నా దగ్గరికే తిరిగొచ్చింది. మూడోసారి వేసినప్పుడు అవతలి జట్టు అమ్మాయి నవ్వింది. నాకు కళ్లనీళ్లు తిరుగుతున్నాయి, కుట్టు మిషను చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. గ్యాలరీ వైపు చూశాను, అవ్వ మొహం చూస్తే ధైర్యం వస్తుందేమోనని. అవ్వ లేచి నిలబడి ఉంది. వెనకాల పదహారు మందీ లేచారు. నాలుగుంబావు! నల్లా వచ్చే వేళ! నా వైపు చెయ్యి ఊపి, వరస చెదరకుండా బయటికి వెళ్లిపోయారు. కోపం రాలేదంటే అబద్ధం. నీళ్లు ఒక్కరోజు లేకపోతే ఏమవుతుందని కచ్చగా అనుకున్నాను, అవ్వ లేని గ్యాలరీని చూసి ముక్కు చీదుకున్నాను. కానీ ఆట ఆగదు కదా. చివరి నిమిషంలో మా అమ్మాయి వేసిన బంతి గురి తప్పి, సరిగ్గా బుట్ట కింద ఉన్న నా చేతుల్లో పడింది. పక్కన ఎవరున్నారో చూడలేదు. పోసేశాను. బంతి ఇనుప కడ్డీ మీద ఒక చుట్టు తిరిగి, ఇష్టం లేనట్టుగానే లోపల పడింది. గెలిచింది మేమే. మేడమ్ నన్ను ఎత్తుకోబోయి, నా పొడుగు చూసి విరమించుకుంది.

ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి డ్రమ్ములు నిండి ఉన్నాయి, అవ్వ గడపలో కాళ్లు చాపుకొని కూర్చుంది. "పోసినవా?" "పోసిన." "ఎట్ల పోసినవు? ఏడ నిలవడ్డవు? చప్పుడైందా?" ప్రశ్న మీద ప్రశ్న. నా దగ్గర వీడియో లేదు, ఎవరూ తీయలేదు. "చూపియ్యి" అంది. వరండాలో నిలబడి ఉత్త చేతులతో చూపించాను. అవ్వ కళ్లు తుడుచుకుంటూ "ఇంకోసారి" అంది. ఆ తర్వాత మా ఇంటికి ఎవరొచ్చినా నేను చూపించాల్సిందే. పాలవాడికి చూపించాను, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు చూపించాను. ప్రతిసారీ అవ్వ, "గంత దగ్గర కాదే, జర ఎన్కకు జరుగు" అనేది. వారం తిరిగేసరికి నేను వరండా మధ్య స్తంభం దగ్గరున్నాను. దసరా నాటికి మైదానం సగంలోంచి వేశానని చాల్ అంతా చెప్పుకుంటోంది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని గానీ, కాదని ఒక్కరోజూ అనలేదు.

రెండేళ్ల కాగితం మీద సంతకం అయింది, తర్వాత చాలా ఏళ్లు ఆడాను. దూరం నుంచి నిజంగానే వేసినవీ ఉన్నాయి, వాటికి వీడియోలూ ఉన్నాయి. అవ్వ మాత్రం వాటిని ఫోన్లో ఒకసారి చూసి, "బాగనే ఉన్నది గని ఆ దినం లెక్క లేదు" అనేది, తను చూడని దాని గురించి! మొన్నటేడు అవ్వ పోయింది. దశదినానికి పాలమూరు నుంచి వచ్చిన ఒక ముసలాయన, అవ్వతో స్లాబు పని చేసినవాడట, భోజనం చేసి చెయ్యి కడుక్కొని నా దగ్గరికి వచ్చాడు. "నడిమిట్ల నిలవడి వేసిన పిల్లవు నువ్వేనా బిడ్డా? మీ అవ్వ ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది. ఎట్ల వేసినవు, జర చూపియ్యరాదూ?" అన్నాడు. చుట్టూ అందరూ నన్నే చూస్తున్నారు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. లేచి వరండాలోకి వెళ్లాను, ఎప్పటిలా మధ్య స్తంభం దగ్గర నిలబడ్డాను. వెనకనుంచి చెప్పే మనిషి లేదు కాబట్టి, నా అంతట నేనే ఇంకో రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు పైకెత్తాను.