పాస్‌వర్డుకు పెట్టిన పేరు

పార్టీ తగాదాల్లో మా ఆయనను నరికినవాడు సాక్షులను బెదిరించి కేసు నుంచి బయటపడ్డాడు. కోర్టులోనే వాడి అంతు చూడాలని మనవరాలిని లా చదివిస్తూ, ప్రొద్దుటూరులో దానికి లాప్‌టాప్ కొన్నాను. విండోస్ లేనిది చవకని అదే తీసుకున్నాను.

జమ్మలమడుగు బస్టాండులో పులివెందుల బస్సు కోసం కూర్చున్నాం. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించలేక మనవరాలు తంటాలు పడుతుంటే, పక్కనున్న నడివయసు మనిషి "ఇట్లియ్యి పాపా" అని అందుకున్నాడు. కాసేపటికి, "పాస్‌వర్డు ఏం పెడదాం? దినామూ కొట్టాల్సింది, మర్చిపోని పేరు చెప్పు" అన్నాడు.

"మీ తాతను నరికినోని పేరు పెట్టు పాపా" అని, నేనే ఆ పేరూ ఊరూ చెప్పాను.

అతని వేళ్లు ఆగిపోయాయి. "ఆయప్ప మా చిన్నాయన, అవ్వా."

"అయితే సగంలో పీకేసి పో. సాక్షుల్ని పీకినోళ్లకు ఇదొక లెక్కా?"

అతను ఆ పేరే కొట్టి, పని ముగిసేదాకా కూర్చున్నాడు. మధ్యలో గొంతారి దగ్గుతుంటే మనవరాలు నీళ్ల సీసా అందించబోయింది. పగవాళ్లకు మేము నీళ్లివ్వం. దాని చెయ్యి పట్టి వెనక్కి లాగాను. అతను చూశాడు, మళ్లీ లాప్‌టాప్ మీదికి వంగాడు.

లాయరైన మనవరాలు ఇప్పుడు ఆ కేసును పైకోర్టుకు ఎక్కించింది. నరికినవాణ్ణి వదిలేది లేదు. ఆ బస్టాండులో ఎవరైనా దగ్గితే మాత్రం తల తిప్పి చూస్తాను.