హన్మవ్వ నిలబడే చోటు

మెండోర దగ్గర గోదావరి ఒడ్డున హన్మవ్వ పడవ మోటార్లు బాగుచేస్తుంది. కొంగు నడుముకు దోపుకొని గొంతుక్కూర్చుందంటే, పని ముగిసేదాకా లేవదు. ఆమె గోళ్ల సందుల్లో గ్రీజు ఎంత కడిగినా పోదు. చేపలు పట్టే భూమేష్ తన మోటారును తనే విప్పి, శుభ్రం చేసి బిగించుకున్నాడు. అది ముందుకు పోతోంది గాని రివర్స్ పడటం లేదు. వల దగ్గర ఆగక పడవ బండను గుద్దేసరికి భయపడి ఆమె దగ్గరికి తెచ్చాడు. హన్మవ్వ మోటారు కింది భాగం ఊడదీసి చూసింది. "పైన గేరు పుల్ల న్యూట్రల్ల ఉంది, కింద కడ్డీ ముందు గేర్ల ఉంది. గిట్ల కలిపితే ఎట్ల పడ్తది కొడుకా?" అంటూ రెండింటినీ న్యూట్రల్‌కు తెచ్చి బిగించింది. ఒక చేత్తో గేరు మారుస్తూ, రెండో చేత్తో నీటిని తోసే రెక్కలు తిప్పుతూ, కళ్లు మూసుకొని లోపలి చప్పుడు విన్నది.

మోటారు పడవకు ఎక్కించాక ఆమె మోకాటిలోతు నీళ్లలోకి దిగి నిలబడింది.

"ఇగ నా మీదికే నడుపు. దగ్గరికొచ్చినంక రివర్స్ ఎయ్యి."

భూమేష్ పడవలోంచి అరిచాడు. "పక్కకు జరుగవ్వా! పడకపోతే?"

"బిగించింది నేను. ఇంకెవ్వలు నిలవడాలె?"

పడవ వచ్చింది. భూమేష్ వేగం తగ్గించి పుల్ల లాగాడు. మోటారు గుర్రుమని వెనక్కి గుంజింది. పడవ ముక్కు ఆమెకు జానెడు దూరంలో ఆగింది. అల లేచి నడుముదాకా తడిపినా ఆమె పాదం కదల్లేదు. భూమేష్ పడవలోనే లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఆమె అప్పటికే ఒడ్డెక్కి బోల్టులు బిగించే పానాలు తుడుచుకుంటోంది.